పాటకు ముందు గొంతు ఆట

పాట అందుకునే ముందు గొంతును మెల్లగా మేల్కొలిపే చిన్న చిన్న పనులను గొంతు సన్నాహం అంటారు. ఊపిరిని నెమ్మదిగా వదలడం, పెదవులు మూసి ఊఁ అంటూ ఝుంకారం చేయడం, కింది స్వరం నుంచి పై స్వరానికి జారుతూ వెళ్లడం, అచ్చులను నోరారా పలకడం, హల్లులను చురుగ్గా పలకడం ఇందులో ముఖ్యమైనవి. పెద్ద గాయకులు వీటిని సాధనగా చేస్తారు. ఐదారేళ్ల పిల్లలకు సాధన అనే మాటే బరువు. వారికి ఈ పనులన్నీ ఆటలోంచే రావాలి. అందుకోసం కొత్త ఆటలు కనిపెట్టనక్కరలేదు. బుర్రుపిట్ట, చెమ్మచెక్క, కాళ్ళగజ్జ, గుడుగుడు గుంచం, చుక్‌చుక్ రైలు, చందమామ పాటల్లో పిల్లల గొంతుకు కావలసిన కసరత్తు దాదాపు అంతా ఉంది. వాటిని ఒక వరుసలో పెట్టి, పిల్లలకు సరిపోయే శ్రుతిలో, అరుపు లేకుండా పాడించడమే పెద్దలు చేయవలసిన పని.

ఆ పని ఎంత అవసరమో ఏ పల్లె బడిలోనైనా ప్రార్థన సమయంలో తెలిసిపోతుంది. కోనసీమలో వైనతేయ గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న మామిడికుదురు మండలాన్నే తీసుకుందాం. అప్పనపల్లి, పాశర్లపూడి, నగరం, ఆదుర్రు లాంటి ఊళ్లలో పిల్లలు కొబ్బరితోటల మధ్య నుంచి, కాలవ గట్ల మీదుగా నడిచో, సైకిళ్ల మీదో, ఆటోల్లోనో బడికి చేరతారు. దారి పొడవునా కేకలు, పిలుపులు, పందేలు. గంట కొట్టగానే వరుసల్లో నిలబడాలి. వందేమాతరం, మా తెలుగుతల్లికి, ప్రతిజ్ఞ, చివర జనగణమన. కొందరి గొంతు దారిలోనే అలిసి ఉంటుంది. మరికొందరి గొంతు ఇంకా విచ్చుకోనే లేదు. ఆ రెండు రకాల గొంతులూ ఒక్కసారిగా పై స్వరాలు ఎక్కాలి. అప్పుడే వెనక వరుసల వైపు చూస్తూ ఎవరో ఒకరు గట్టిగా పాడమంటారు. పిల్లలు వెంటనే అందుకునేది అరుపు. పాట అక్కడే ఆగిపోతుంది.

పెద్దల గొంతును చిన్నది చేసినంత మాత్రాన పిల్లల గొంతు అయిపోదు. దాని నిర్మాణమే వేరు. ఊపిరిగొట్టం పైభాగాన ఉండే స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. వాటి మధ్య నుంచి ఊపిరి పైకి వచ్చేటప్పుడు అవి ఒకదాన్నొకటి తాకుతూ, విడిపోతూ కంపిస్తాయి. మనం వినే స్వరం ఆ కంపనంలోనే పుడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో ఈ తంత్రుల పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లు. ఎదిగిన స్త్రీలలో 11 నుంచి 15, పురుషులలో 17 నుంచి 21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తంత్రి పొట్టిదైతే కంపనం వేగంగా ఉంటుంది. మగవారు మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు 100 నుంచి 130 సార్లు కంపిస్తాయి. స్త్రీలలో ఆ సంఖ్య 200 దాటుతుంది. బడి ఈడు పిల్లల్లో 250 నుంచి 300 దాకా పోతుంది. అంటే నాన్న, కొడుకు కలిసి ఒకే పాట పాడితే, నాన్న తంత్రుల కన్నా కొడుకు తంత్రులు రెట్టింపు సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. పైగా పెద్దల తంత్రుల్లో ఉండే పొరల అమరిక పిల్లల్లో ఇంకా పూర్తయి ఉండదు. అది కుదురుకునేది యుక్తవయసులోనే. అరుపు దెబ్బ ముందుగా తగిలేది ఈ లేత పొరలకే. రోజూ అరిచే పిల్లల్లో కొందరికి తంత్రుల అంచున చిన్న బొడిపెలు లేస్తాయి. గొంతు బొంగురుపోతుంది, పై స్వరం పలకదు, మాట మధ్యలో గాలి జారిపోతుంది. బడి ఈడులో ఇవి ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

గొంతు సన్నాహం ఈ తంత్రులను తక్కువ బలంతో, తక్కువ రాపిడితో కదిలిస్తుంది. ఊపిరి, స్వరపేటిక, నాలుక, పెదవులు ఒకదానితో ఒకటి పొత్తు కుదుర్చుకుంటాయి. చిన్నపిల్లలకు ఐదు నిమిషాలు చాలు. పది నిమిషాలు దాటితే ఆట కాస్తా పాఠమైపోతుంది.

ఆట ఊపిరితో మొదలుకావాలి. పిల్లలు పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, మెడ బిగించకుండా, భుజాలు వదులుగా ఉంచి నిలబడతారు. కోనసీమ పిల్లలకు ఊపిరి పరికరం దొడ్లోనే దొరుకుతుంది. కొబ్బరాకు చుట్టి చేసిన బూర ఊదని పిల్లలు ఈ నేల మీద అరుదు. ఆ బూర కొసాకంటా ఒకే తీరున మోగాలంటే ఊపిరి ఒక్కసారి తోసుకురాకూడదు. సన్నగా, నిలకడగా రావాలి. పాటకు కావలసింది సరిగ్గా ఆ ఊపిరే. బూర మోగినంతసేపు భుజాలు పైకి లేస్తున్నాయా, పొట్ట నెమ్మదిగా లోపలికి పోతోందా అని పెద్దలు గమనించాలి. పందెం పెట్టి బలమంతా ఉపయోగించి ఊదిస్తే మాత్రం ప్రయోజనం పోతుంది. బుగ్గలు ఉబ్బుతాయి, మెడ నరాలు తేలుతాయి. ఎవరి బూర ఎక్కువ గట్టిగా మోగిందని అడగకూడదు. ఎవరి బూర వణక్కుండా మోగిందని అడగాలి.

తర్వాత రైలు పాట. చుక్‌చుక్ అనే శబ్దంలో ఒక్కో అక్షరానికి పొట్ట చిన్నగా ఒక్కసారి లోపలికి తగ్గుతుంది. అరచేయి పొట్ట మీద పెట్టుకుంటే పిల్లలకే ఆ సంగతి తెలుస్తుంది. రైలు మెల్లగా బయల్దేరి, వేగం అందుకుని, స్టేషన్ దగ్గర మళ్లీ నెమ్మదించాలి. గొంతు వాడకుండా గాలితోనే ఆ శబ్దం చేయిస్తే ఊపిరి మీద పట్టు వస్తుంది. ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. మామిడికుదురు వైపు రైలు మార్గం లేదు. కాకినాడ నుంచి వచ్చే రైలు పట్టాలు గౌతమి గోదావరి ఒడ్డున కోటిపల్లి దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి నరసాపురం దాకా వేయవలసిన మార్గం చాలా ఏళ్లుగా నిర్మాణంలోనే ఉంది. ఇంటి దగ్గర రైలు కూత వినని కోనసీమ పిల్లలు తరతరాలుగా రైలు పాట పాడుతూనే ఉన్నారు.

ఊపిరి తర్వాత పెదవుల వంతు. ఈ వరుసలో అన్నిటికన్నా విలువైనది బుర్రుపిట్ట పాట. పిట్ట పేరును నిజంగా పెదవులు కంపించేలా పలికితే బుర్ర్ అని సాగే శబ్దం వస్తుంది. పిట్ట ఎగిరిపోయే శబ్దంలో నాలుక కొన అంగిలికి తగులుతూ తుర్ర్ అని కంపిస్తుంది. ప్రపంచమంతటా గాయకులు పాటకు ముందు చేసే పెదవుల కంపనం, నాలుక కంపనం ఇవే. ఈ రెండింటినీ తెలుగు పిల్లల పాట పక్కపక్కనే పెట్టింది. ఇందులో ఉన్న శాస్త్రం తేలికైనదే. పెదవులు సగం మూసుకుని ఉన్నప్పుడు ఊపిరి కొంత వెనక్కి నొక్కుతుంది. ఆ ఒత్తిడి స్వరతంత్రులను కాస్త ఎడంగా పట్టి ఉంచుతుంది. అందువల్ల అవి గట్టిగా కొట్టుకోకుండానే చక్కగా కంపిస్తాయి. అమెరికా స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జె నోరు సగం మూసి చేసే ఈ తరహా కసరత్తుల వెనక ఉన్న భౌతిక సూత్రాలను ఏళ్ల తరబడి పరిశోధించి వివరించారు.

బుర్రుపిట్ట ఆటను ఇలా నడపవచ్చు. ముందు పిట్ట కొమ్మ మీద కూర్చుని ఉంటుంది. పిల్లలు ఒకే స్వరం మీద పెదవులు కంపింపజేస్తారు. తర్వాత పిట్ట పై కొమ్మకు ఎగురుతుంది, స్వరం కూడా పైకి పోతుంది. కింది కొమ్మకు వాలితే స్వరం దిగుతుంది. పెద్దలు చేయి పిట్టలా ఆడిస్తే పిల్లల గొంతు ఆ చేతి వెంట తిరుగుతుంది. పెదవులు కంపించని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. రెండు చూపుడువేళ్లతో బుగ్గలను కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటే వారిలో చాలామందికి వస్తుంది. అప్పటికీ రాకపోతే నాలుక కంపనం చేయనివ్వాలి. అదీ రాకపోతే ఝుంకారం చేయనివ్వాలి. రాలేదని నవ్వితే ఆ పిల్లవాడు ఆ పూటకే కాదు, ఆ ఏడాదికే నోరు మూసుకుంటాడు.

ఝుంకారానికి తుమ్మెద ఆట సరిపోతుంది. పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో చెప్పిన జానపద గేయాల పేర్లలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు ఉన్నాయి. తుమ్మెద తెలుగు పాటలో అంత పాతది. పెదవులు మూసి, పళ్లు మాత్రం ఎడంగా ఉంచి, ముక్కు పక్కన వేలు ఆనించి ఊఁ అంటే వేలికి కంపనం తగులుతుంది. పిల్లలు ఆ కంపనాన్ని వెతుక్కోవడాన్ని ఇష్టపడతారు. ముక్కు మీద, నుదుటి మీద, ఛాతీ మీద, ఎక్కడెక్కడ తుమ్మెద తిరుగుతోందో చెప్పమంటే చాలు. ఇంట్లో అయితే ఈ పని జోలపాట చేస్తుంది. మామ్మో అమ్మమ్మో తమ్ముణ్ని ఊపుతూ మాటలు మరిచిన చోట ఊఁ ఊఁ అని సాగదీసే రాగమే మంచి ఝుంకారం. పక్కన కూర్చున్న పెద్దపిల్ల దాన్ని అందుకుంటే ఆమె గొంతుకూ సన్నాహం అయిపోతుంది.

బొప్పాయి ఆకు కాడతో నీళ్లలో బుడగలు ఊదడం పల్లె పిల్లలకు తెలిసిన మరో ఆట. ఆ బుడగలతో పాటు మెల్లగా ఊ అని స్వరం కలిపితే అదీ గొంతుకు మేలు చేస్తుంది. ఫిన్లండ్‌లో 1960లలో ఆంటి సోవియార్వి అనే ధ్వనిశాస్త్రవేత్త గాజు గొట్టాన్ని నీళ్లలో ముంచి స్వరం పలికించే చికిత్సను అభివృద్ధి చేశారు. ఇప్పటికీ గొంతు చికిత్స కేంద్రాల్లో అలాంటి పద్ధతులు వాడుతున్నారు. అయితే పచ్చి బొప్పాయి కాడ నుంచి కారే పాలు నోటిని మండిస్తాయి. బడిలో మామూలు స్ట్రా వాడటమే మంచిది. గ్లాసులో స్ట్రా కొన రెండు వేళ్ల లోతు మునిగితే చాలు. ఎవరి స్ట్రా వారిదే కావాలి.

ఆ తర్వాత స్వరం పైకీ కిందికీ జారాలి. దీనికి గురువు చెట్టు మీదే ఉన్నాడు. కోయిల ఒక కూత కూసి ఆగదు. ఒక్కో కూతకు స్వరాన్ని కొంచెం కొంచెం పైకి తీసుకుపోతుంది. ఒక్కో కూతలోనూ స్వరం కింద మొదలై పైకి జారుతుంది. చైత్ర వైశాఖాల్లో కోనసీమ తోటల్లో పిల్లలు దానికి బదులు కూయడం ఎవరూ నేర్పని ఆట. పిల్లలు కూ అన్నప్పుడు పెదవులు గుండ్రమవుతాయి, గొంతు తేలికపడి, తలలో మోగినట్టుండే స్వరంలోకి పోతుంది. పై స్వరాలను బలవంతం లేకుండా అందుకునే దారి ఇదే. కోయిల ఎంత పైకి పోతే పిల్లలు అంత పైకి పోవాలన్న నియమం పెట్టకూడదు. స్వరం గీసుకుపోయినట్టు అనిపించగానే దిగిపోవాలి.

చందమామను పిలిచే పాట దీనికన్నా నెమ్మదైన జారుడు. తాళ్లపాక అన్నమాచార్యులు కూడా చందమామను పిలిచే భావంతో ఒక కీర్తన రాశారు. ఆయన కాలం 1408 నుంచి 1503. అంటే ఈ పిలుపుకు కనీసం ఐదు వందల ఏళ్ల వయసుంది. పిల్లలు చేయి కిందినుంచి ఆకాశం వైపు ఎత్తుతూ పిలుపు మాటను సాగదీస్తారు. చేయి దిగుతుంటే స్వరం ఒళ్లోకి దిగుతుంది. ఎత్తేటప్పుడు గడ్డం పైకి లేవకూడదు. గడ్డం లేస్తే స్వరపేటిక మీదికి లాగుకుపోతుంది. చందమామను కళ్లతో చూడాలి, మెడతో కాదు అని పిల్లలకు చెబితే వెంటనే పట్టుకుంటారు. రేవులో అవతలి ఒడ్డు పడవను పిలిచే ఓయ్ పిలుపు కూడా ఇలాంటిదే. బోడసకుర్రు వంతెన వచ్చాక వైనతేయ మీద ఆ పిలుపు అవసరం తగ్గింది కానీ, పిల్లల ఆటలో దానికి చోటు ఉంది. దూరానికి వినబడాలంటే అరవనక్కరలేదని, అచ్చును సాగదీస్తే చాలునని ఆ పిలుపు నేర్పుతుంది.

అచ్చుల విషయంలో తెలుగు పిల్లలు అదృష్టవంతులు. తెలుగు మాటల్లో చాలావాటి చివర అచ్చే ఉంటుంది. పాటలో సాగేది అచ్చే కాబట్టి ప్రతి మాట చివరా గొంతు తెరుచుకునే అవకాశం దొరుకుతుంది. కోనసీమలో పెద్దల మాటకు బదులుగా వినిపించే ఆయ్ అనే మర్యాద పలుకును నిదానంగా సాగదీస్తే ఆ నుంచి ఇ దాకా నోరు పూర్తిగా తెరుచుకుని మెల్లగా మూసుకుంటుంది. దవడ బిగుసుకున్న పిల్లలకు ఇంతకన్నా తేలిక మందు లేదు. గుణింతాన్ని పాటగా పాడించడం పాత బడుల పద్ధతి. ఒకే హల్లు మీద అచ్చులన్నీ వరుసగా మారుతూ పోయే గుణింతంలో నోటి ఆకారాలన్నీ వస్తాయి. ఇప్పుడు గుణింతం రాతకే పరిమితమైపోయింది. దాన్ని మళ్లీ నోటికి తేవాలి.

హల్లుల కోసం ఆడపిల్లల చప్పట్ల ఆటలు, కూర్చుని ఆడే ఆటలు ఉన్నాయి. చెమ్మచెక్కలో ఇద్దరు ఎదురెదురుగా ఉండి లయకు చేతులు కలుపుతారు. ఆ పేరులోనే అంగిలి దగ్గర పలికే చకారం, పెదవులు కలిసే మకార ద్విత్వం, గొంతు దగ్గర తెగే కకార ద్విత్వం ఉన్నాయి. కాళ్ళగజ్జలో పిల్లలు కాళ్లు చాపుకుని గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు పాట లయకు ఒక్కో కాలు తాకుతూ పోతే, పాట ఎక్కడ ఆగితే ఆ కాలు ముడవాలి. ఆ పాట పేరు నాలుకను వెనక్కి మడిచి ళకారం పలికిస్తుంది. ఈ కాలపు పిల్లల్లో ళ, ణ చాలాసార్లు ల, న అయిపోతున్నాయి. మందలించి దిద్దడం కన్నా కాళ్ళగజ్జ ఆడించడం మేలు. గుడుగుడు గుంచంలో ఉకారం పదే పదే రావడంతో పెదవులు గుండ్రమై ముందుకు వస్తాయి, నాలుక గొంతు నుంచి అంగిలి దాకా పరుగులు తీస్తుంది. పిల్లలు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఆడే ఆట కాబట్టి అందరూ దగ్గరగా ఉంటారు. ఎవరూ గొంతు పెంచనక్కరలేదు.

ఈ ఆటలను మూడు వేగాల్లో ఆడించాలి. ముందు విలంబంగా, తర్వాత మధ్యమంగా, చివర ద్రుతంగా. కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలను మూడు కాలాల్లో పాడించడం వెనక ఉన్న సూత్రమే ఇది. వేగం పెరిగినప్పుడు పిల్లల గొంతు తెలియకుండానే పెద్దదవుతుంది. వేగంతో పాటు స్వరం చిన్నది కావాలని ముందే చెప్పాలి. ద్విత్వాలను గుద్దినట్టు పలకకుండా చూడాలి. ఒప్పులకుప్ప మాత్రం సన్నాహానికి పనికిరాదు. గిరగిరా తిరుగుతూ పాడితే ఊపిరి ఆడదు, కేకలే మిగులుతాయి. దాన్ని ఆటస్థలానికే వదిలేయాలి.

స్వరాన్ని తగ్గించడం, పెంచడం నేర్పేది దాగుడుమూతల లాంటి ఒక ఆట. ఒక పిల్లవాడు కళ్లు మూసుకుంటే మిగిలినవారు ఒక గవ్వనో, కొబ్బరి పిందెనో దాస్తారు. వెతికేవాడు దానికి దగ్గరవుతుంటే పాట కొంచెం పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. మెల్లగా పాడితేనే వెతికేవాడికి తేడా తెలుస్తుంది. మొదటి నుంచీ అరిస్తే ఆటే ఉండదు. మెల్లగా పాడమని పదిసార్లు చెప్పినా పట్టించుకోని తరగతి ఈ ఆటలో తనంతట తానే గొంతు తగ్గిస్తుంది. గుసగుసగా మాత్రం పాడించకూడదు. గుసగుసలో స్వరతంత్రులు బిగుసుకుని, గాలి ఒరుసుకుపోయి గొంతు పొడిబారుతుంది.

ఇక అన్నిటికన్నా తరచుగా తప్పేది శ్రుతి. చిన్నపిల్లలకు సుఖంగా పలికే స్వరాలు తక్కువ. హార్మోనియం మీద రెండు శ్రుతి నుంచి ఆరు శ్రుతి దాకా, అంటే ఐదు స్వరాల మేర, ఐదారేళ్ల పిల్లలు హాయిగా పాడగలరు. ఎనిమిది, తొమ్మిదేళ్లకు ఆ మేర రెండు వైపులా పెరుగుతుంది. ఆటపాటల్లో చాలావాటి నడక మూడు నాలుగు స్వరాలకు మించదు. అవి పిల్లల మధ్య పుట్టి పెరిగినవి కనుకే వారి గొంతుకు సరిగ్గా అమరాయి. సినిమా పాటలు అలా కావు. అవి శిక్షణ పొందిన పెద్ద గొంతుల కోసం కట్టినవి. ఆటపాట ఏదైనా మొదటి స్వరం పిల్లలకు కుదిరేలా ఉండాలి. మగ ఉపాధ్యాయుడు తన మామూలు గొంతుతో అందిస్తే అది పిల్లల స్వరానికి ఒక స్థాయి కింద ఉంటుంది. కొందరు పిల్లలు తమ స్థాయిలో అందుకుంటారు. కొందరు ఆయన గొంతునే అనుకరించబోయి అడుగున గొణుగుతారు. ఆ పిల్లలకు శ్రుతి లేదని ముద్ర వేయడం అన్యాయం. హార్మోనియంతోనో, ఫోనులోని శ్రుతిపెట్టెతోనో, బాగా పాడే పిల్ల గొంతుతోనో మొదటి స్వరం ఇప్పిస్తే వారిలో చాలామంది దారికి వస్తారు.

పిల్లలకు సంగీతం తమ భాష పాటల నుంచే మొదలుకావాలన్న ఆలోచనకు ప్రపంచంలో పెద్ద పేరు తెచ్చినవారు హంగేరీ స్వరకర్త జోల్టాన్ కొడాయ్. 1882లో పుట్టి 1967లో మరణించిన ఆయన తమ దేశపు పల్లెపాటలను ఊరూరా తిరిగి సేకరించారు. పిల్లల ఆటపాటల చిన్న స్వరాలతోనే బడి సంగీతానికి పునాది వేశారు. జానపద సంగీతాన్ని కాపాడే ఆ పద్ధతిని యునెస్కో 2016లో మంచి ఆచరణల జాబితాలో చేర్చింది. మన దగ్గర ఆ సేకరణ పని చేసినవారు ఉన్నారు. అప్పటి గోదావరి జిల్లా దంగేరులో 1891లో పుట్టిన చింతా దీక్షితులు పిల్లల కోసం రాయడాన్ని సాహిత్యంలో గౌరవమైన పనిగా నిలబెట్టారు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధనకు దారి వేశారు. ఆ సంపద అంతా పుస్తకాల్లో ఉంది. బడి గంటలోకి రావలసింది చాలా ఉంది.

రేడియో మాత్రం ఈ సంగతి తొలినాళ్లలోనే గుర్తించింది. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. అక్కడి పిల్లల కార్యక్రమాలతో రేడియో అన్నయ్యగా న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్యగా న్యాయపతి కామేశ్వరి తెలుగు ఇళ్లన్నిటికీ బంధువులయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో బాల పత్రిక వారి చేతుల మీదుగా వచ్చాయి. మైకు దగ్గర నిలబడిన పిల్ల అరిస్తే మైకు చెడ్డగా పలుకుతుంది. మామూలుగా, చిరునవ్వుతో పాడితే ఊరూరికీ వినబడుతుంది. మెత్తని పిల్లల గొంతు ఎంత దూరం పోగలదో తెలుగు నేలకు చూపించింది ఆ కార్యక్రమాలే.

కోనసీమ గొంతు సంగతి చెప్పాలంటే కర్ణాటక సంగీత గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణను తలుచుకోక తప్పదు. ఆయన 1930 జులై 6న రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో పుట్టారు. ఎనిమిదో ఏట విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ చేశారు. తర్వాత విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో ఆయన స్వరం ప్రతి ఇంటికీ చేరింది. అలాంటి ప్రతిభ ఎప్పుడో ఒకరికి దొరుకుతుంది. దాన్ని కొలబద్దగా పెట్టుకుని పిల్లలను తొందరపెట్టడం తగదు. కానీ అలాంటి గొంతు ఏ బడిలో, ఏ వరుసలో నిలబడి ఉందో ముందే చెప్పగలవారు లేరు. అందుకే ప్రతి గొంతునూ భద్రంగా పెంచాలి.

గొంతు ఆట ఎప్పుడు ఆపాలో కూడా తెలిసి ఉండాలి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్న పిల్లలను పాడించకూడదు. వారు చప్పట్లతో లయ పట్టవచ్చు. ఖంగు ఖంగుమని గొంతు గీరుకునే అలవాటు ఉంటే దాని బదులు ఒక గుక్క నీళ్లు తాగించాలి. కోనసీమ గాలిలో తేమ ఎక్కువే అయినా, ఎండలో ఆడి వచ్చిన పిల్లలకు నీళ్లు తప్పనిసరి. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. పన్నెండు పద్నాలుగేళ్ల మగపిల్లల గొంతు విరిగే రోజుల్లో పై స్వరాల ఆటలు మానిపించి, వారికి సుఖంగా ఉన్న చోటే ఝుంకారం చేయించాలి. ఆ రోజుల్లో వారిని పాట నుంచి తప్పించడం, గొంతును చూసి నవ్వడం రెండూ తప్పే.

జూన్‌లో బడులు తెరవగానే ఉపాధ్యాయులు ఒక పని పెట్టుకోవాలి. ప్రార్థన గంటకు ఐదు నిమిషాల ముందు పిల్లలను చెట్టు నీడకు పిలిచి, బూర ఊపిరి, బుర్రుపిట్ట, తుమ్మెద, కోయిల, ఒక చప్పట్ల ఆట వరుసగా చేయించాలి. దాంతో పాటు ప్రతి పిల్లా ఇంటికి వెళ్లి మామ్మనో, అమ్మమ్మనో, తాతనో అడిగి ఒక ఆటపాట నేర్చుకు రావాలని చెప్పాలి. ఒక గోదావరి లంకలో పాడే తీరు పక్క లంకలో ఉండదు. ఆ తేడాలన్నీ అలాగే, ఏ ఊరి పాటో పక్కన రాసి, బడి నోటుపుస్తకంలో ఎక్కించాలి. ఆ పాటలు తెలిసిన పెద్దలు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. వారు ఉండగానే అడిగి నేర్చుకోవాలి.